చేను గట్టు మీద తూలకుండా నడవాలంటే: ఇంటి దగ్గర బ్యాలెన్స్ తర్ఫీదు ఎవరికి ఏది, ఎంత?

గట్టుమీద_ఫిజియో (అమలాపురం)

ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే ఫిజియోలకీ, నర్సులకీ పనికొస్తుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

"తూలుతున్నారండి" అని పిలిస్తే కోనసీమలో ఏ ఇంటికి వెళ్లినా మంచం పక్కన ఒకే జిరాక్సు కాగితం. మెడ అటూ ఇటూ తిప్పండి, ఒంటికాలి మీద నిలబడండి, గోడ పట్టుకుని నడవండి. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకీ అదే, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వాళ్లకీ అదే, చెవి లోపలి సున్నపు పలుకులు కదిలి తల తిరిగేవాళ్లకీ అదే. చూడ్డానికి అన్నీ తూలుడే గానీ ఒకరికి పనికొచ్చేది ఇంకొకరికి దండగ, ఒక్కోసారి ప్రమాదం కూడా.

పైగా మనవాళ్లు నడవాల్సిన నేల వేరు. మూరెడు వెడల్పు చేను గట్టు, పాచి పట్టిన రేవు మెట్లు, పంట (ఏరు దాటించే పడవ) ఎక్కేటప్పుడు ఊగే బల్ల. ఆసుపత్రి వరండాలో నాలుగు చుట్లు తిరిగారని గట్టు మీదికి పంపలేం.

పరికరాలేవీ లేకుండా, అరుగు మీద కూర్చోబెట్టి పది నిమిషాల్లో ఎవరిది ఏ తూలుడో ఎలా విడదీస్తున్నారు? ముందు అది చెప్పండి. తర్వాత ఒక్కో జబ్బుకీ మీరు చేయించేది, లెక్కతో సహా.

న్యూరోపీటీ_కాకినాడ

మొదటి ప్రశ్న: "తిరుగుతోందా, తూలుతోందా?" ఇల్లు గిర్రున తిరిగితే చెవి వైపు చూడాలి. తల బాగానే ఉండి కాళ్లు మాట వినకపోతే నరాలు, మెదడు. లేచిన వెంటనే కళ్లు చీకట్లు కమ్మితే బీపీ. ఈ మూడింటినీ మనవాళ్లు "తల తిప్పు" అనే ఒక్క మాటలో చెప్పేస్తారు, అందుకని విడదీసి అడగాలి. ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే వస్తోంది. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

తర్వాత బీపీ. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన 1 నిమిషానికి, 3 నిమిషాలకి మళ్లీ. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే ఆ రోజు నిలబెట్టే వ్యాయామాలు వద్దు, మందులు రాసిన డాక్టరుకి కబురు చెప్పాలి. పార్కిన్సన్స్‌లో, పాత షుగరులో ఇది చాలా మామూలు. అయినా చూసేవాళ్లు తక్కువ.

ఆ తర్వాత రాంబర్గ్ పరీక్ష: కాళ్లు దగ్గరపెట్టి నిలబెట్టి కళ్లు మూయించాలి. తెరిచినప్పుడు నిలబడి, మూయగానే పడబోతే పాదాల నుంచి కబురు పైకి అందడం లేదన్నమాట. కళ్లు తెరిచి ఉండగానే నిలబడలేకపోతే చిన్న మెదడు అనుమానించాలి. దాన్ని రాంబర్గ్ పాజిటివ్ అని రాయకూడదు. చుట్టూ చేతులు చాపి ఒక మనిషి ఉండాలి, లేకపోతే ఈ పరీక్షే చేయొద్దు.

చివరగా లేచి నడిచే పరీక్ష. చేతుల కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. టేపు అక్కర్లేదు. ఇప్పుడు చాలా ఇళ్లలో రెండడుగుల టైళ్లే, ఐదు టైళ్లు లెక్కపెడితే 3 మీటర్లు. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు. సెకన్ల కన్నా మలుపు దగ్గర చూడండి. ఆరేడు చిన్న అడుగులు వేసి తిరిగినవాళ్లు, కుర్చీ తగలకుండానే కూలబడేవాళ్లు, వాళ్లే ముందు పడతారు.

చెవి_డాక్టరు_తణుకు

పై పోస్టుకి ఒక్కటి కలపాలి. తూలుతో పాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకర, ఒక పక్క చెయ్యి పడిపోవడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి, పట్టు లేకుండా కూర్చోలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కొత్తగా వచ్చినా వ్యాయామం మాటే ఎత్తొద్దు, అది పక్షవాతం కావొచ్చు, వెంటనే ఆసుపత్రికి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షనుకి మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు. గోదావరి మధ్య లంక ఊళ్ల నుంచి పంట మీద ఏరు దాటి రోడ్డెక్కడానికే గంట పోతుంది. "పొద్దుటిదాకా చూద్దాం" అనుకోకూడదు.

ఇక చెవి పలుకుల సంగతి. లోపలి చెవిలో సున్నపు పలుకులుంటాయి. అవి ఉండాల్సిన చోటి నుంచి ఊడి అర్ధచంద్ర నాళంలో పడితే పక్క మీద దొర్లినప్పుడు, వెనక్కి వాలినప్పుడు, కొబ్బరి గెల కోసం తలెత్తి చూసినప్పుడు గిర్రున తిరుగుతుంది. నిమిషం లోపే ఆగిపోతుంది. గంటల తరబడి తిరిగితే అది ఇది కాదు.

పరీక్ష డిక్స్–హాల్‌పైక్. తలను 45 డిగ్రీలు ఒక పక్కకి తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి, తల మంచం అంచు దాటి 20–30 డిగ్రీలు కిందికి వేలాడేలా పట్టుకోవాలి. నవారు మంచం మీద ఇది కుదరదు, నడుం కుంగిపోయి తల పైకే ఉండిపోతుంది. చెక్క మంచమో దివానో చూసుకోండి. అంచు దాకా జరపలేకపోతే భుజాల కింద దిండు మడిచి పెడితే సరిపోతుంది.

కళ్లు తెరిచే ఉంచమనాలి, కంటి మీదే మీ చూపు ఉండాలి. మొదటి రెండు, నాలుగు, ఒక్కోసారి పది సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత కనుగుడ్డు ఒక్కసారిగా నుదుటి వైపు ఎగురుతూ, పైభాగం కింద ఉన్న చెవి వైపు చక్రం తిప్పినట్టు మెలితిరుగుతుంది. క్రమంగా పెరిగి, తగ్గి, నిమిషంలోపు ఆగుతుంది. లేపి కూర్చోబెడితే ఎదురు దిక్కుకి తిరగొచ్చు. ఇలా కనిపిస్తే కింద ఉన్న చెవిదే తప్పు. ఆగకుండా కొట్టుకుంటున్నా, నుదుటి వైపు కాక గడ్డం వైపు కొట్టుకుంటున్నా ఇంటి దగ్గర చేయించకండి, పంపించండి.

ఇంటినర్సు_రాజోలు

డాక్టరు గారూ, పలుకులని తిరిగి చోటికి చేర్చే ఎప్లీ పద్ధతి కుడి చెవికి ఎలా చేస్తారో అంచెలంచెలుగా రాయండి. వీడియోలు చూసి చేస్తున్నవాళ్లు మూడో అంచె దగ్గర తప్పుతున్నారండి.

చెవి_డాక్టరు_తణుకు

ఆయ్, అక్కడే తప్పుతారు. కుడి చెవికి రాస్తున్నాను, ఎడమకి అద్దంలో బొమ్మలా మార్చుకోండి.

కూర్చుని తల కుడికి 45 డిగ్రీలు. వెనక్కి పడుకోబెట్టి తల వేలాడదీయాలి. తిరగడం ఆగాక కూడా అలాగే ఉంచి, మొత్తం 30 సెకన్ల నుంచి నిమిషం. తర్వాత వేలాడే తలను లేపకుండా ఎడమకి 90 డిగ్రీలు, అంటే ఇప్పుడు ముఖం ఎడమ వైపు 45 దగ్గర ఉంటుంది. మళ్లీ అంతసేపు. మూడోది: మనిషి మొత్తం ఎడమ భుజం మీదికి దొర్లాలి, తల ఇంకో 90 తిరిగి ముక్కు నేల వైపు చూడాలి. చాలామంది భుజం దొర్లిస్తారు గానీ తల గోడ వైపే వదిలేస్తారు, పలుకులు అక్కడే ఆగిపోతాయి. ముక్కు కొసకి నేల కనిపించాలి, అదే గుర్తు. మళ్లీ అంతసేపు. చివరికి గడ్డం రొమ్ముకి ఆనించి, ఎడమ పక్క నుంచే కాళ్లు కిందికి వేసి లేపాలి. లేచిన క్షణంలో కొందరు ముందుకో వెనక్కో విసురుగా పడతారు. రెండు చేతులా పట్టుకుని రెండు నిమిషాలు వదలకండి.

చేశాక రెండు రోజులు కూర్చునే నిద్రపోవాలనే పాత నియమం అక్కర్లేదు. కడుపు నిండా భోజనం పెట్టి చేయొద్దు, వాంతి అవుతుంది. మెడ ఎముకల అరుగుదల బాగా ఉన్నా, ఈమధ్యే రెటీనా ఆపరేషను అయినా ఇంట్లో వద్దు.

డిక్స్–హాల్‌పైక్‌లో ఏమీ రాక, వెల్లకిలా పడుకుని తల పక్కకి తిప్పినప్పుడు గుడ్డు అడ్డంగా కొట్టుకుంటే అది పక్క నాళం. దానికి ఎప్లీ పనిచేయదు. మంచి చెవి వైపుగా 90 డిగ్రీల చొప్పున పూర్తి చుట్టు దొర్లించాలి.

ఇంటినర్సు_రాజోలు

మరి తల తిప్పుకి వేసుకునే బిళ్లల సంగతి? ఏ ఇంట్లో చూసినా స్టెమెటిల్, సిన్నరిజిన్ షీట్లు. ఏళ్ల తరబడి వేసుకుంటున్నారండి.

చెవి_డాక్టరు_తణుకు

ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. తిరుగుడు, వాంతులు ఉధృతంగా ఉన్న మొదటి రెండు మూడు రోజులకే అవి. తర్వాత కూడా మింగితే దెబ్బతిన్న చెవి లోటుని మెదడు సర్దుకోకుండా అవే అడ్డుపడతాయి. పలుకుల జబ్బుకైతే మందుతో పలుకు జరగదు, తలని తిప్పితేనే జరుగుతుంది.

పెద్దవాళ్లలో ఈ రెండు మందులూ మెదడులో కదలికలని నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుని పార్కిన్సన్స్ లాంటి బిగుతు, వణుకు తెస్తాయి. ఉన్న పార్కిన్సన్స్‌ని ఇంకా ముదరబెడతాయి.

న్యూరోపీటీ_కాకినాడ

పైదాన్ని సమర్థిస్తున్నాను. కొత్తగా "వణుకుడు జబ్బు" అని చెప్పిన ఇంట్లో ముందు మందుల డబ్బా తెరిపించండి. షీటు పేరు రాసి డాక్టరుకి చూపించండి. మనంతట మనం ఆపేయకూడదు. ఆపించాక కూడా బిగుతు వదలడానికి నెలలు పట్టొచ్చు, ఆ సంగతి ఇంట్లోవాళ్లకి ముందే చెప్పాలి.

చెవి నరం వాచి ఒక పక్క పని తగ్గినవాళ్లకి చూపు నిలిపే వ్యాయామం. గోడ మీద కంటి ఎత్తులో ఒక అక్షరం, కాలెండరులో తేదీ అంకె అయినా చాలు. చేయి చాపినంత దూరంలో కూర్చుని, చూపు దాని మీదే ఉంచి తలని అడ్డంగా, తర్వాత నిలువుగా చిన్నగా ఆడించాలి. అక్షరం చెదరకుండా కనిపించే వేగమే సరైన వేగం. చెదిరితే ఎక్కువ, ఏమీ అనిపించకపోతే తక్కువ. కొత్త జబ్బుకి రోజుకి మూడు విడతలు, మొత్తం కనీసం 12 నిమిషాలు. పాతదానికి మూడు నుంచి ఐదు విడతలు, మొత్తం 20 నిమిషాలు, 4–6 వారాలు. చేసేటప్పుడు కాస్త తిప్పినట్టు ఉండాలి, 15–20 నిమిషాల్లో సర్దుకోవాలి. సాయంత్రం దాకా కక్కుకుంటూ పడుకుంటే మోతాదు ఎక్కువైందన్నమాట.

షుగర్_డాక్టరు_భీమవరం

షుగరు పాదాల గురించి. వీళ్లు పగలు బాగానే నడుస్తారు. కరెంటు పోయినప్పుడో, తెల్లవారుజామున దొడ్లోకి వెళ్లినప్పుడో పడతారు. పాదం చెప్పని సంగతిని కన్ను చూసి సర్దుతోంది, చీకటి పడితే ఆ సాయమూ పోతుంది. స్నానాల గదిలో కళ్లు మూసుకుని ముఖం మీద నీళ్లు పోసుకుంటూ తూలేవాళ్లు వీళ్లే. కూర్చుని పోసుకోమనండి.

10 గ్రాముల మోనోఫిలమెంటు (నైలాను పోగు) అరికాలి మీద వంగేదాకా నొక్కి తెలిసిందా అడగాలి, 128 హెర్ట్జ్ శృతిదండం మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టి అదురు తెలుస్తోందా చూడాలి. ఏళ్ల తరబడి షుగరు బిళ్ల మెట్‌ఫార్మిన్ వాడుతుంటే రక్తంలో బీ12 విటమిన్ చూపించాలి. అది తక్కువైనా ఇదే మొద్దుబారుడు, దాన్ని పూడ్చవచ్చు.

వ్యాయామాల ముందు ఒక పని: అరికాళ్లు చూడటం. చెరువు గట్ల మీద, చేలో చెప్పుల్లేకుండా తిరిగే అలవాటు. గాజుపెంకు దిగినా తెలియని పాదంతో ఒంటికాలి మీద నిలబెడితే పుండు పెద్దదవుతుంది. పుండు ఉంటే నిలబడేవి ఆపి, కూర్చుని చేసేవి.

పాలకొల్లు_పీటీ

షుగరు పాదాలవాళ్లకి చేయించే వరుస చెబుతాను. వంటగట్టు ముందు, వెనక కుర్చీ వేసి, అంటే పడినా ముందు గట్టు, వెనక కుర్చీ. కాళ్లు దగ్గరపెట్టి 30 సెకన్లు. నిలబడితే ఒక పాదం సగం ముందుకి. అదీ నిలబడితే మడమకి బొటనవేలు ఆనించి. ఆ తర్వాత తల తిప్పుతూ. చివరకే కళ్లు మూయడం. మడమలెత్తడం, తొడ పక్కకి చాపడం పదేసి చొప్పున రెండు విడతలు. బలం లేని చీలమండకి ఎంత బ్యాలెన్స్ నేర్పినా నిలవదు. పోయిన స్పర్శ వ్యాయామంతో తిరిగి రాదు, ఉన్న కండరం, కన్ను, చెవి దాని పని పంచుకుంటాయి. ఇది రోగికి సూటిగా చెప్పాలి. లేకపోతే "తిమ్మిరి తగ్గలేదు" అని రెండు వారాలకే మానేస్తారు.

ఇక పక్షవాతం. మూడు తప్పులు మన ఇళ్లలో పదేపదే కనిపిస్తాయి.

దూలానికి కప్పీ కట్టి, మంచి చేత్తో పడిపోయిన చేతిని పైకి లాగించడం. రెక్క ఎముక తిరక్కుండా చెయ్యి భుజం ఎత్తు దాటితే కీలులో మెత్తటి భాగాలు నలిగి భుజం నొప్పి పట్టుకుంటుంది. తాడు విప్పేయండి. చేతిని బల్ల మీద తువ్వాలు పరిచి ముందుకీ వెనక్కీ జరిపించండి.

రెండోది, లేపేటప్పుడు చంక కింద చెయ్యి వేసి ఎత్తడం. భుజం గూడు వదులై ఉంటుంది, ఎముక కిందికి జారిపోతుంది. మూడోది, ముడుచుకున్న గుప్పిట్లో బంతి పెట్టి పిసకమనడం. ముడిచే కండరాలకి మేత పెట్టినట్టే అది. వేళ్లు తెరిచే పని కావాలి: గ్లాసు పట్టుకుని వదలడం, చెంబు మీద నుంచి చెయ్యి తీయడం.

లేచి నిలబడటం నేర్పితే సగం నడక నేర్పినట్టే. ముందు అంచుకి జరగాలి. పాదాలు మోకాళ్ల కన్నా వెనక్కి, జబ్బు కాలు మంచి కాలు కన్నా కొంచెం వెనకగా. చేతులు కలిపి ముందుకి చాపి, ముక్కు బొటనవేళ్లు దాటేదాకా వంగి అప్పుడు లేవాలి. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారుతుంది, గోడకి ఆనించి వేయండి. నవారు మంచం మీంచి మొదలుపెట్టొద్దు, కుంగిన చోటి నుంచి ఎవరూ లేవలేరు. అందకపోతే కుర్చీ మీద దుప్పట్లు మడిచి ఎత్తు పెంచి, తేలికయ్యేకొద్దీ ఒక్కొక్కటీ తీసేయాలి. ఎనిమిదేసి చొప్పున ఐదు విడతలు, రోజంతా పరిచి.

కాలిపర్_పని_రాజమండ్రి

పక్షవాతంతో పాదం వేలాడేవాళ్లకి ప్లాస్టిక్ కాలిపర్ (పాదాన్ని నిలబెట్టే తొడుగు) ఇస్తే, గడప దగ్గర చెప్పులతో పాటు దాన్నీ విప్పేస్తున్నారు. ఇంట్లోనే ఎక్కువ నడుస్తారు, ఇంట్లోనే అది ఉండదు. కొందరు ఉత్త కాలిపర్‌తో టైళ్ల మీద నడిచి జారిపడుతున్నారు, దాని అడుగు నున్నటి ప్లాస్టిక్. వెనక పట్టీ ఉన్న చెప్పు ఒక జత ఇంట్లోకి మాత్రమే అని విడిగా కొనిపించండి, బయటి మట్టి అంటదు, ఇంట్లోవాళ్లూ కాదనరు. హవాయి చెప్పు మాత్రం వద్దు. దాన్ని వేళ్లతో బిగబట్టాలి, జబ్బు కాలికి అది చేతకాదు.

రోజూ విప్పాక చర్మం చూడండి. ఎర్రటి మచ్చ 20 నిమిషాల్లో పోకపోతే ఒరుసుకుంటోందని. దూదులు కుక్కొద్దు, తీసుకొస్తే వేడిచేసి సరిచేస్తాం.

గట్టుమీద_ఫిజియో (అమలాపురం)

అందరికీ ధన్యవాదాలండి. పార్కిన్సన్స్‌లో అడుగు అతుక్కుపోవడం గురించి ఇంకా ఎవరూ రాయలేదు.

న్యూరోపీటీ_కాకినాడ

గడప. పార్కిన్సన్స్ మనిషి హాల్లో చక్కగా నడిచి గడప ముందు పాదాలు నేలకి అంటుకుపోయినట్టు ఆగిపోతాడు. ఇంట్లోవాళ్లు చెయ్యి పట్టి లాగుతారు. ఒళ్లు ముందుకొస్తుంది, పాదాలు రావు, ముఖం మీద పడతాడు. లాగకూడదు. ఆగమనాలి, నిటారుగా నిలబెట్టాలి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి రెండు మూడుసార్లు ఊగించి, అప్పుడు "పెద్ద అడుగు" అని ఒక్క మాట. పక్కన నలుగురు నాలుగు మాటలు చెబితే మళ్లీ బిగుసుకుంటాడు.

నేల మీద అడ్డగీతలు బాగా పనిచేస్తాయి. గడపకి రెండు వైపులా నాలుగేసి గీతలు, ఒక్కో దానికి 45–50 సెంటీమీటర్ల ఎడం. నేల రంగుకి ఎదురు రంగు టేపు. గీత మీద కాలు పెట్టడం కాదు, దాటాలి. సుద్దతో గీస్తే తడిగుడ్డ పెట్టగానే పోతుంది. చిన్న టైళ్ల అతుకులు ఎడం సరిపోయినా రంగు తేడా లేకపోతే సాయపడవు. ఫోనులో మెట్రోనోమ్ పెట్టి తాళానికి నడిపించడం ఇంకోటి, అతని మామూలు అడుగుల లెక్క తెలుసుకుని దానికి దగ్గరగా మొదలుపెట్టండి.

ఉన్నచోటనే గిర్రున తిరగనివ్వొద్దు, ఎడ్లబండి మలుపులా వెడల్పుగా తిప్పించాలి. మందు పట్టిన వేళలోనే తర్ఫీదు ఇవ్వండి, చాలామందికి వేసుకున్న 45 నిమిషాల నుంచి గంటకి అది. పార్కిన్సన్స్ మందు లెవోడోపా భోజనానికి అరగంట ముందు పడితే మంచిది, పప్పు, చేప, గుడ్డులోని మాంసకృత్తులు దాని దారికి అడ్డొస్తాయి. ఎత్తి పెట్టే నాలుగు కాళ్ల వాకరు వీళ్లకి కొనిపించొద్దు. ఎత్తేటప్పుడు వెనక్కి పడతారు.

ఇంటినర్సు_రాజోలు

వరదలప్పుడు లంకలకి మేము వెళ్లలేమండి. ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఇచ్చారంటే వారం పది రోజులు రాకపోకలు బంద్. నేను చేస్తున్నది: జూలైకి ముందే ఒక్కొక్కరికి మూడే వ్యాయామాలు తేల్చి, ఇంట్లో ఒకరి చేత నా ఎదుట చేయించి, ఆ మనిషి ఫోనులోనే వీడియో తీసి ఉంచుతున్నాను. పార్కిన్సన్స్ మందు రెండు వారాలకి సరిపడా ఇంట్లో ఉండేలా చూస్తున్నాను, అది ఒక్కసారిగా ఆగిపోతే ప్రమాదం. మంచం నుంచి దొడ్డిదాకా టార్చి ఎక్కడ ఉంటుందో కూడా రాసి అంటిస్తున్నాను. ఇంకేమైనా కలపాలా?

షుగర్_డాక్టరు_భీమవరం

వరద నీళ్లలో మొద్దుబారిన పాదాలు దింపొద్దని పెద్ద అక్షరాలతో రాయండి. తప్పదంటే మూసి ఉన్న బూటు, రాగానే కడిగి వేళ్ల సందులు తుడవాలి.

పాలకొల్లు_పీటీ

ఇక గట్టు. నేను అనుసరించే మెట్లు ఇవి. టైళ్ల అతుకు మీద మడమకి వేలు ఆనించి ఐదు టైళ్లు, పక్కకి అడుగు వేయకుండా. అదే తల తిప్పుతూ. అదే చేతిలో సగం నీళ్లున్న చెంబుతో. అప్పుడు సిమెంటు రోడ్డు, తర్వాత దొడ్లో ఇసుక మట్టి, తర్వాత ఎండిన వెడల్పు కాలువ గట్టు, పగటిపూట. ఇవన్నీ అయ్యాకే చేను గట్టు. ఒక మెట్టు వరసగా మూడు రోజులు తప్పు లేకుండా వస్తేనే పై మెట్టు.

పట్టుకునే తీరు. నడుం చుట్టూ పంచె నాలుగు మడతలు వేసి బిగించి, వెనక ముడిని గుప్పిట పట్టుకోవాలి. చొక్కా పట్టుకుంటే చిరుగుతుంది, చెయ్యి పట్టుకుంటే భుజం లాగేస్తుంది. రోడ్డు మీద జబ్బు పక్కన అరడుగు వెనకగా నడవండి. గట్టు మీద పక్కన చోటుండదు, సరిగ్గా వెనక నిలబడి ఒక చెయ్యి ముడి మీద, ఒకటి తుంటి మీద. వాన పడితే ఒండ్రు మట్టి సబ్బులా ఉంటుంది, ఆ రోజు మానేయడమే.

రేవు మెట్లకి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు జబ్బు కాలు ముందు, కర్ర జబ్బు కాలితో పాటు. పాచి ఉన్న మెట్టు దాకా వెళ్లనక్కర్లేదు, పైమెట్టు దగ్గరే బకెట్టు పెట్టించండి.

ఇంటినర్సు_రాజోలు

కర్ర ఏ చేత్తో, ఎంత పొడుగు? ఇంట్లో తాతల నాటి పొన్నుకర్రే ఇచ్చేస్తున్నారండి.

పాలకొల్లు_పీటీ

మంచి చేత్తో. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి, పట్టుకుంటే మోచెయ్యి 20–30 డిగ్రీలు వంగాలి. పొన్నుకర్రని ఆ కొలతకి కోయించి కింద రబ్బరు బుష్ తొడిగిస్తే చాలు, కొత్తది అక్కర్లేదు. పొన్ను ఇనుముది, టైలు మీద జారుతుంది. బుష్ అడుగున గీతలు అరిగి నున్నగా అయితే మార్చేయాలి. మన మట్టికి ఆ గీతల్లో బురద గడ్డకట్టి అరక్కుండానే నున్నగా అయిపోతుంది, గుమ్మంలోకి రాగానే ఒక పుల్లతో గీకి, తుడిచి లోపలికి తీసుకెళ్లమనండి.